ఊదితే చెప్తా

"తాగినోళ్లను పట్టే మిషనే గదా ఇది? మొన్న ఇస్నాపూర్ కాడ పోలీసోళ్లు గూడ ఊదిపిచ్చిన్రు తమ్మీ."

పాశమైలారం ఫ్యాక్టరీలో నైట్ షిఫ్ట్ చేసే ఆయన నన్ను చేతిలోకి తీసుకుంటూ టెక్నీషియన్‌తో అన్న మాట అది. ఇలాంటి అవమానాలు నాకు అలవాటే. నేను కనిపెట్టేది మందును కాదు, హైడ్రోజన్‌ను. మనిషి కణాలేవీ దాన్ని తయారుచెయ్యవు. పేగుల్లోని బ్యాక్టీరియా చేస్తుంది. అది రక్తంలో కలిసి, ఊపిరితిత్తుల దాకా వచ్చి, శ్వాసతో నాలోకి చేరుతుంది.

ముందురోజు పప్పు, కూర లేకుండా ఒట్టి తెల్లన్నం. ఆపైన 12 గంటలు ఉపవాసం. మొదటిసారి ఊదితే 6 పీపీఎం. గ్లాసు నీళ్లలో 75 గ్రాముల గ్లూకోజ్ కలిపి తాగించారు. ఇరవై నిమిషాలకు 9, నలభైకి 14, అరవైకి 41. గంటన్నర లోపు 20 పెరిగితే చాలు, పెద్దపేగులో ఉండాల్సిన మంద చిన్నపేగులో కాపురం పెట్టిందని అనుమానించడానికి. కడుపు ఉబ్బరం అందుకే.

ఎలా ఎక్కిందంటారా? ఆయన నాలుగేళ్లుగా పరగడుపున గ్యాస్ గోలీ మింగుతున్నాడు. సూక్ష్మజీవుల్ని చంపే ఆమ్లం దాంతో తగ్గిపోయింది. పైగా షుగర్. ఖాళీ కడుపున గంటన్నరకో రెండు గంటలకో చిన్నపేగు తనను తానే ఊడ్చుకుంటుంది. షుగర్ ముదిరితే ఆ చీపురు పట్టే నరాలే నీరసిస్తాయి. షిఫ్టులో గంటకోసారి చాయ్, బిస్కెట్లు పడుతుంటే ఇక ఊడ్చే తీరికెక్కడిది?

డాక్టర్ 14 రోజులకు రిఫాక్సిమిన్ అనే యాంటీబయాటిక్ రాశారు. అది రక్తంలోకి దాదాపు దిగదు, పేగులోనే పనిచేస్తుంది.

"మల్లొస్తె నేనే మెడికల్ షాపుల కొనుక్కుంట సార్."

డాక్టర్ కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టారు. తిరగబెట్టడం ఈ జబ్బు గుణమే. అలాగని ఇష్టమొచ్చినట్టు యాంటీబయాటిక్ మింగితే బ్యాక్టీరియా దానికి అలవాటు పడిపోతుంది. ఈ పటాన్‌చెరుకు ఆ పాఠం వేరే చెప్పాలా? ఇక్కడి మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాన్ని శుద్ధి చేశాక కూడా లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు అచ్చువేశారు.

నేనూ సత్యహరిశ్చంద్రుణ్ని కాను. గ్లూకోజ్ పేగు పైభాగంలోనే ఇంకిపోతుంది. కింద దాక్కున్న మంద నాకు చిక్కదు. హైడ్రోజన్‌ను తినేసి మీథేన్ చేసే జీవులుంటే అసలే మోసపోతాను.

గొట్టం మార్చారు. తర్వాత బొల్లారం నుంచి ఒకామె. రాత్రి శెనగ గుడాలు తిన్నదట.

"మల్ల రేపు రా అక్కా," అంటున్నాడు టెక్నీషియన్.