నేను ముడుచుకుంటేనే పడవ ముందుకు

నేను పద్నాలుగు అడుగుల పడవకు మెయిన్‌సెయిల్‌ని, అంటే పెద్ద తెరచాపని. 1950ల దాకా మా వంశంలో నూలుగుడ్డే ఎక్కువ. తడిస్తే బరువెక్కేది, లాగితే సాగేది. తర్వాత పాలిస్టర్ వచ్చింది, నేను ఆ తరందాన్ని. పనిచేసేది హైదరాబాద్ హుస్సేన్ సాగర్‌లో. ఈ నాలుగు మాటలు మాత్రం నంద్యాల, ఆళ్లగడ్డ వైపు వాళ్లకే చెప్పాలని ఉంది. నల్లమల, ఎర్రమల కొండల నడుమ కుందూ లోయలో ఆషాఢం గాలి ఎలా తోలుతుందో వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. నీళ్లంటారా, వెలుగోడు, గోరకల్లు, అవుకు జలాశయాలున్నాయి. గాలీ నీళ్లూ ఉన్నచోటికి తెరచాప పడవ ఇవాళ కాకపోతే రేపైనా వస్తుంది. వచ్చినప్పుడు ఎక్కేవాళ్లు మొదట నేర్చుకోవాల్సింది నన్ను పైకెత్తడం కాదు, కుదించడం. దాన్నే మా పడవలవాళ్లు రీఫ్ అంటారు.

చాప పెద్దదైతే వేగం ఎక్కువని అందరూ అనుకుంటారు. ఒక హద్దు వరకు అది నిజమే. గాలి వేగం రెట్టింపైతే నామీద పడే బలం రెండింతలు కాదు, నాలుగింతలు. పది నాట్ల గాలి పద్నాలుగైందంటే చాలు, బలం దాదాపు రెట్టింపు. ఆ బలమంతా పడవను ముందుకే తోస్తే గొడవే లేదు. చాలా భాగం పక్కకు తోస్తుంది. పడవ ఒరుగుతుంది, ఒరిగిన పడవ మూతిని గాలివైపు తిప్పుకుంటుంది. దాన్ని దారిలో నిలపడానికి చుక్కాని అడ్డం పెట్టాలి. అడ్డం పెట్టిన చుక్కాని నీళ్లలో బ్రేకు లాంటిదే. అంటే నా గుడ్డ తెచ్చిన బలాన్ని చుక్కాని తినేస్తుంది. నన్ను కుదిస్తే రెండు లాభాలు: గుడ్డ తగ్గుతుంది, గాలి పట్టు కూడా కిందికి దిగుతుంది. కళ్లంలో తూర్పారబట్టేవాళ్లు గాలి పెరిగితే చేటను కిందికి దించి పోస్తారే, అలాగన్నమాట. పడవ నిలువుగా లేస్తుంది, చుక్కాని తేలికవుతుంది, చాప తగ్గినా వేగం తగ్గదు. చాలాసార్లు పెరుగుతుంది కూడా.

చేసే పద్ధతి కష్టమేం కాదు, వరుస తప్పకూడదు అంతే. పడవ మూతి గాలికి ఎదురు పెట్టి, నన్ను పైకి లాగే హాల్‌యార్డ్ తాడు వదులు చేస్తారు. నా ముందంచున కొంచెం ఎత్తులో ఒక లోహపు కన్ను ఉంటుంది. దాన్ని కిందికి తెచ్చి, నా కింది అంచును పట్టి ఉంచే అడ్డకొయ్య బూమ్ మొదట్లో ఉన్న కొక్కేనికి తగిలించి, హాల్‌యార్డ్ మళ్లీ బిగిస్తారు. ఆ తర్వాత వెనకంచు కన్నులోంచి వచ్చే తాడును, కొత్త కింది అంచు పలకలా బిగుసుకునేదాకా లాగి కడతారు. మిగిలిన గుడ్డను చుట్టి, నా నడుమ వరుసగా వేలాడే చిన్న తాళ్లతో కట్టేస్తారు. కొత్తవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. వెనక తాడు వదులుగా ఉంచి ఈ చిన్న తాళ్లను బిగిస్తే గాలి బరువంతా వాటిమీద పడి, ఆ రంధ్రాల దగ్గరే నేను చిరుగుతాను. అవి గుడ్డను సర్దడానికే తప్ప బరువు మోయడానికి కాదు. విప్పేటప్పుడూ అంతే, ముందు ఆ చిన్న తాళ్లే విప్పాలి.

ఇంత తతంగం దేనికి, గాలి ఎక్కువైతే నన్ను లోపలికి లాగి పట్టే షీట్ తాడు వదిలేస్తే పోలేదా అంటారు కొందరు. ఒక్క విసురుకైతే అది చాలు. అదేపనిగా వదిలేస్తే మాత్రం నేను టపటపా కొట్టుకుంటాను, కుట్లు తెగుతాయి, ముందుకు తోసేదేమీ ఉండదు. ఇంకో వాదన బలమైనది: హుస్సేన్ సాగర్ పందేల్లో తిరిగే లేజర్ పడవల చాపకు రీఫ్ కళ్లే ఉండవు కదా, కుర్రాళ్లు అంచుమీద వెనక్కి వాలి నెట్టుకొస్తున్నారు కదా? నిజమే. కానీ ఆ లేజర్‌కే ఒకే ఒడలికి 7.06, 5.76, 4.7 చదరపు మీటర్ల చొప్పున మూడు చాపలున్నాయి. మనిషి బరువును బట్టి గుడ్డ తగ్గించుకోవడమేగా అది! పైగా లేజర్ చాపను దాని నిలువు స్తంభం చుట్టూ ఒకటి రెండు చుట్లు తిప్పి కుదించేవాళ్లూ ఉన్నారు. గాలి ఆగి ఆగి వీచేటప్పుడు కుదించిన పడవ వెనకబడుతుందన్న మాట మాత్రం ఒప్పుకోవాల్సిందే. దానికి మందు లేదు. పందెంలో ఉన్నవాడు ఆ లెక్క చూసుకోవచ్చు, నేర్చుకునేవాడు విసురు గాలిని చూసే నిర్ణయించాలి.

అన్నిటికంటే మోసం చేసేది వెనకగాలి. పదిహేను నాట్ల గాలితో పాటే ఆరు నాట్ల వేగంతో పోతుంటే ఒంటికి తగిలేది తొమ్మిదే. హాయిగా ఉంటుంది. అక్కడినుంచి ఎదురుగాలికి తిరిగితే అదే గాలి పద్దెనిమిదికి చేరుతుంది, బలం నాలుగింతలవుతుంది. అప్పుడు కుదించబోతే చేతులు చాలవు. అందుకే గట్టునే కుదించుకుని దిగడం మేలు. గాలి తగ్గితే నీళ్లమీద విప్పుకోవడం తేలిక.

దీన్ని పిరికితనం అనేవాళ్లకు చరిత్ర చెబుతాను. 1838లో బ్రిటిష్ నౌకాదళం స్వీకరించిన బ్యూఫోర్ట్ కొలతలో బలమైన గాలులను గుర్తించింది యుద్ధనౌక ఎంత చాప ఎత్తగలదన్న దాన్ని బట్టే: ఆరో అంకెకు పైచాపల్లో ఒక రీఫ్, ఏడుకు రెండు, ఎనిమిదికి మూడు. కర్నూలు, అనంతపురం గుట్టలమీది గాలిమరలైనా హద్దు దాటిన గాలికి రెక్కలు తిప్పుకుని బలాన్ని వదిలేస్తాయి. కాబట్టి అవుకులోనో వెలుగోడులోనో చిన్న తెరచాప పడవ దించాలనుకునేవాళ్లు, అనుమతులూ లైఫ్‌జాకెట్లూ చూసుకున్నాక, చాప కొనేటప్పుడే రెండు వరుసల రీఫ్ కళ్లు కుట్టించమని అడగండి.