ఇంజిన్‌ను ముట్టుకోని థ్రాటిల్‌ను నేను

నాకు ఒళ్లు రెండు. ఒకటి మనిషి చేతిలో ఉంటుంది. దానికో తిప్పే నాబ్, ముందుకూ వెనక్కూ స్విచ్చు, చిన్న బ్యాటరీ. రెండోది బల్ల కింద, 12 వోల్టుల కరెంటుకూ రైలు పట్టాలకూ నడుమ కూర్చుంటుంది. రెంటికీ మధ్య తీగ లేదు, 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగమే ఉంది. నన్ను వైర్‌లెస్ థ్రాటిల్ అంటారు. అమెరికాలో మిల్వాకీ నగరం దగ్గర ఒక ఇంటి బేస్‌మెంటు నా నివాసం.

ఆ బేస్‌మెంటు నిండా బొమ్మ రైళ్లే. అసలు రైలును 87వ వంతుకు కుదించిన హెచ్‌వో కొలత వాటిది, పట్టాల మధ్య ఎడం 16.5 మిల్లీమీటర్లు. మా పెద్దాయన టెలిఫోన్ కంపెనీలో పనిచేసి రిటైరయ్యాడు. చిన్నతనంలో స్టేషన్‌లో నిలబడి చూసిన మిల్వాకీ రోడ్ రైల్వే కంపెనీ వారి నారింజ, మెరూన్ రంగుల హయవాతా రైళ్లు ఇప్పుడు ఆయన బల్ల మీద తిరుగుతున్నాయి.

ఇదంతా అనలాగ్ పద్ధతి. రెండు పట్టాలే రెండు తీగలు. వోల్టేజీ పెంచితే వేగం పెరుగుతుంది, ప్లస్సూ మైనస్సూ తారుమారైతే రైలు వెనక్కి నడుస్తుంది. కుడి పట్టాకు ప్లస్సు అందితే ఇంజిన్ ముందుకు కదలాలన్నది ఎన్‌ఎమ్‌ఆర్‌ఏ ప్రమాణం. 1935లో పుట్టిన మోడల్ రైళ్ల సంఘం అది. ఇంజిన్ లోపల ఒక మోటారుంటే చాలు. ఇంత తేటైన ఏర్పాటు అంటే నాకు చాలా గౌరవం.

నాకు ముందు ఈ పని చేసింది బల్లకు బిగించిన పవర్‌ప్యాక్. అక్కడ నిలబడితే సొరంగం అవతలి స్టేషన్ కనబడదు. పెద్దాయన నాబ్ తిప్పి, అటు పరుగెత్తి, గూడ్సు పెట్టె తగులుకుందో లేదో చూసి, మళ్లీ ఇటు వచ్చేవాడు. పొడుగు తీగ ఉన్న చేతి థ్రాటిల్ కొన్నాడు. తీగ కాళ్లకు చుట్టుకునేది, బల్ల అంచున ఉన్న సిగ్నల్ స్తంభాలను పడగొట్టేది. మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక ఆ తిరుగుడు ఆయన వల్ల కాలేదు.

డీసీసీకి మారమని స్నేహితులు చెప్పారు. 1990లలో ఎన్‌ఎమ్‌ఆర్‌ఏ ప్రమాణంగా తీసుకున్న ఆ డిజిటల్ పద్ధతిలో ప్రతి ఇంజిన్‌కూ ఒక డీకోడర్ ఉంటుంది. ఒకే పట్టా మీద రెండు ఇంజిన్లను వేర్వేరుగా నడపవచ్చు. గొప్ప పద్ధతే, కాదనను. కానీ పెద్దాయన దగ్గరున్నవి జపాన్ పనివాళ్లు చేత్తో చేసిన పాత ఇత్తడి ఇంజిన్లు. వాటి మోటారు బ్రష్షుల్లో ఒకటి ఇంజిన్ ఒంటికే కలిసి ఉంటుంది, ఆ ఇత్తడి గుండానే కరెంటు పారుతుంది. ఆ కలయిక తెంచకుండా డీకోడర్ బిగిస్తే డీకోడర్ కాలిపోతుంది. తెంచాలంటే ఇంజిన్‌ను విప్పి పాత పనితనం మీద చెయ్యి చేసుకోవాలి. అందుకు ఆయన మనసొప్పలేదు.

ఆయన మనవరాలు ఎలక్ట్రానిక్స్ చదువుతోంది. "తాతా, నీ ఇంజిన్ల జోలికి వెళ్లను. వాటికి కరెంటు వచ్చే దారిలో మాత్రం ఒక పెట్టె పెడతాను" అంది. అలా పుట్టాను.

నా కింది పెట్టెలో నాలుగు ట్రాన్సిస్టర్ల హెచ్‌-బ్రిడ్జి ఉంది. ఏ జత తెరుచుకుంటే ఆ వైపుకు రైలు కదులుతుంది. వేగం తగ్గించాలంటే నేను వోల్టేజీ తగ్గించను. నిండు 12 వోల్టులనే ఇస్తూ ఆపుతూ ఉంటాను, ఇచ్చే సమయం ఎంతో వేగం అంత. సెకనుకు వందసార్లు చొప్పున ఇస్తే పాత మొండి మోటార్లు గుర్రుమంటూనే నత్తలా పాకుతాయి. 20,000 దాటిస్తే ఆ మోత మనిషి చెవికి అందదు. ఇనుప గర్భం లేని కోర్‌లెస్ మోటార్లకు ఈ నెమ్మది కరెంటు దెబ్బలు పడవు, వేడెక్కుతాయి. వాటికి వేగం దెబ్బలే ఇవ్వాలి.

చేతి పెట్టె నుంచి కబురు తెగిపోతే కింది పెట్టె వెంటనే కరెంటు ఆపేస్తుంది. నాలో అన్నిటికంటే విలువైనది ఈ నియమమే. బల్ల అంచు దాటితే కింద ఉన్నది కాంక్రీటు నేల.

నేను చేయలేనిదీ ఉంది. పట్టాలను కరెంటు పరంగా విడివిడి ముక్కలు చేస్తారు, ఒక్కో ముక్క ఒక బ్లాకు. ఒక బ్లాకులో ఒకే రైలు నడవాలి. ఏ బ్లాకు ఏ థ్రాటిల్‌కు కలవాలో ప్యానెల్ మీది స్విచ్చులే ఇప్పటికీ తేల్చాలి. అమెరికాలోని ఎంఐటీ విద్యార్థుల టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్ వెనకటికి టెలిఫోన్ రిలేలతో ఈ పని చేయించింది. ఆ సంగతి చెప్పేటప్పుడు మా పెద్దాయన గొంతులో టెలిఫోన్ మనిషి గర్వం వినిపిస్తుంది.

ఇప్పుడాయన నన్ను చేత పట్టుకుని రైలు పక్కనే, రైలుతో సమానంగా నడుస్తాడు. పెట్టెలు తగులుకునే చోట వంగి, కళ్లారా చూస్తూ నాబ్‌ను వెంట్రుకవాసి తిప్పుతాడు. అప్పుడు నేను చేసే పని నాకు చాలా ఇష్టం.

మీ ఇంట్లో ఏ అటక మీదో రెండు పట్టాల అనలాగ్ బొమ్మ రైలు ఉంటే పాతదని పారేయకండి, తొందరపడి కోయకండి. చక్రాలూ పట్టాలూ ఆల్కహాల్‌తో తుడవండి, ఇరుసులకు బొట్టు నూనె వేయండి, సున్నా నుంచి మెల్లగా 12 వోల్టుల వరకు ఇచ్చి చూడండి. నడిచిందా, ఇక మార్చవలసింది థ్రాటిల్‌నే.