డాక్టరుగారి బ్రేక్ దర్శనం

తిరుమలలో 300 రూపాయల టికెట్టు కొంటే క్యూలో నిలబడే బాధ కాస్త తగ్గుతుంది. అమెరికాలో ఆ సదుపాయం ఫ్యామిలీ డాక్టరు గుమ్మం దగ్గరకూ వచ్చేసింది. 1996లో సియాటిల్‌లో బాస్కెట్‌బాల్ జట్టు సూపర్‌సోనిక్స్‌కు వైద్యం చేసిన హోవర్డ్ మారన్ దీనికి కొబ్బరికాయ కొట్టారు: ఏటా చందా కట్టు, ఎప్పుడైనా ఫోన్ కొట్టు. అప్పట్లో అది శ్రీమంతుల సేవ. ఇప్పుడు అమెజాన్ కూడా ప్రసాదం కౌంటరు తెరిచింది. 2023లో క్లినిక్‌ల సంస్థ వన్ మెడికల్‌ను దాదాపు 390 కోట్ల డాలర్లకు కొని, ప్రైమ్ సభ్యులకు నెలకు 9 డాలర్ల చందా పెట్టింది. చెప్పులతోపాటు చెకప్పూ అన్నమాట! కాకపోతే వీడియోలో పలకరింపు వరకే ఆ చందా. క్లినిక్‌కు నడిచి వెళ్తే బిల్లు వేరే, ఇన్సూరెన్సు ప్రీమియం ఎలాగూ వేరే.

అలా డాక్టరుకు చందా కట్టిన డాలస్ మనవడు మొన్న ఊరికి ఫోన్ చేసి, ‘‘మా డాక్టరు సొంత నంబరు నా దగ్గరుంది, తెలుసా అమ్మమ్మా!’’ అని మురిసిపోయాడు.

‘‘మా ఆరెంపీ నంబరు పాలవాడి దగ్గరా ఉందిరా. చందా ఏం అడగడు. వెళ్తూ వెళ్తూ పాదు మీది రెండు సొరకాయలు కోసుకెళ్తాడు.’’