ఆజ్ఞాచతుష్టయమునకు టీకా తాత్పర్యములు

అవతారిక: జపానుదేశమున ఎనిక్స్ సంస్థవారు 1986 మే 27వ తేదీన ఫ్యామికామ్ యంత్రమునకు వెలువరించిన ‘డ్రాగన్ క్వెస్ట్’ అను ఆటకు కథాకల్పనము హొరీ యూజీది, రాక్షసుల రూపకల్పనము తొరియామా అకిరాది, సంగీతము సుగియామా కోయిచిది. ఈ గ్రంథమును బాల్యమున ఆడినవారు నడివయస్సున మరల తెఱచినపుడు వారి మనస్సు నాకర్షించునది కోట కాదు, రాకుమారి కాదు. ఊరి వెలుపల నాలుగడుగులు వేయునంతలో శత్రువు ఎదురుకాగా నల్లని పెట్టెలో తెల్లని అక్షరములతో వెలయు నాలుగు మాటలు. ఇన్నేండ్లుగా వీనికి వ్యాఖ్య లేకుండుట వ్యాఖ్యాతృలోకమునకు అపకీర్తి యని తలచి ఇందులకు పూనుకొంటిని.

మూలము: పోరుము, మంత్రము, పాఱిపొమ్ము, వస్తువు.

సూత్రమునకు అల్పాక్షరత్వము లక్షణము గదా. ఇచట దానికి హేతువు వైరాగ్యము కాదు, దారిద్ర్యము. ఆట యంతయు 64 కిలోబైట్లలో ఇముడవలసియుండుటచే కటకానా లిపిలో సుమారు ఇరువది అక్షరములను మాత్రమే నిలుపుకొని, రాక్షసుల పేర్లను వానితోడనే కూర్చిరి. యతి కుదురక మాట మార్చుకొన్న కవులను మనమెఱుగుదుము. అక్షరము చాలక రాక్షసునికి నామకరణము దిద్దుట మాత్రము ఈ శాస్త్రమునందే కలదు.

ప్రతిపదార్థము: పోరుము = ఎదుటివానిని కొట్టుము. ఎదుటివాడెవడనగా, స్లైమ్ అను నీలిబొట్టు. హొరీ గీచి యిచ్చిన చిత్తుబొమ్మలో బురదముద్దయై యుండిన దీనిని తొరియామా బొట్టుగా మలచి నవ్వుమొగము పెట్టెను. నవ్వుచున్నవానిని కొట్టుట ధర్మమా యని శంక. దానిని చంపినచో లభించు అనుభవము 1, రెండవ స్థాయికి వలయు అనుభవము 7. కావున ఏడు నవ్వులను ఆర్పక ముందడుగు లేదని సమాధానము. అనుభవమును లెక్కించి చేతికిచ్చు లోకము ఇదొక్కటియే యగుటచే కాబోలు, లౌకికులైన పెద్దలు మరల మరల దీనికడకు వచ్చుచుందురు.

మంత్రము = హొయిమి గాయము మాన్పును, గిరా కాల్చును. ఇంతకు మించి వ్యాఖ్యాపేక్ష లేదు గాని, పెట్టెలో లేని మంత్రము వేఱొకటి కలదు. ఆట నాపి మరునాడు కొనసాగింపగోరువాడు రాజు చెప్పిన 20 అక్షరముల పునరుజ్జీవన మంత్రమును కాగితముపై వ్రాసికొనవలెను. ఈ వరుసలోని రెండవ ఆటలో అది 52 అక్షరముల దాక పెరిగినది. అక్షరలోపమున ఫలహాని యని మంత్రశాస్త్రము చెప్పినది అక్షరాల నిజమగుట నాటి బాలురు కన్నీళ్లతో తెలిసికొనిరి. 1988లో వచ్చిన మూడవ ఆటలో చిన్న బ్యాటరీ చేరి ఈ లేఖనకర్మను తప్పించినది.

వస్తువు = ఔషధపుటాకు మొదలైనవి. స్పష్టము.

పాఱిపొమ్ము = శత్రువును విడిచి పొమ్ము. సూత్రమునకు ప్రాణము ఇదియే. వీరుడు రోటో అను పూర్వవీరుని వంశజుడు, అతనికి పలాయనము తగునా యని పూర్వపక్షము. సిద్ధాంతమేమనగా: ఈ లోకమున చచ్చినవాడు మరల రాజు సన్నిధిని లేచును, అనుభవము చెక్కుచెదరదు, చీవాట్లు తినవలెను, చేతి బంగారములో సగము పోవును. ప్రపంచరక్షణకై పంపుచు 120 బంగారు నాణెములిచ్చిన రాజు (అతని ఔదార్యమును గూర్చి వ్యాఖ్యాత మౌనము వహించుచున్నాడు) పోయిన దానినైనను తిరిగి యీయడు. కావున ఇచట భయము మృత్యువునకు కాదు, కవచము కొనుటకై కూడబెట్టిన సొమ్మునకు. బాలుడు చచ్చును, సంసారి పాఱిపోవును. వంతెన దాటినంతనే రాక్షసులు బలిష్ఠులగుదురు. బాలునికి త్రోవగా తోచిన ఆ వంతెన, మరల వచ్చినవానికి పొలిమేరరాయి. అనుభవరాశిని పొట్టలో దాచుకొన్న లోహపు స్లైము సయితము మనలను చూచి పాఱిపోవుటచే, ఈ పదము ఉభయపక్షసాధారణమని గ్రహింపవలెను. 2017 నాటి పదునొకటవ ఆటయందును పోరుము, పాఱిపొమ్ము అను రెండును నిలిచియే యున్నవి.

తాత్పర్యము: ఓ వీరుడా! చిన్నవాడైనచో పోరుము, గాయమైనచో మంత్రింపుము, మంత్రశక్తి తీరినచో ఆకు నమలుము, సొమ్ము మెండుగా నున్నచో పాఱిపొమ్ము.

పాఠాంతరములు: 2024 నవంబరు 14న మూడవ ఆటకును, 2025 అక్టోబరు 30న మొదటి రెండింటికిని నూతన ప్రతులు వెలువడినవి. క్రమభంగమేల యన్నచో, కథాక్రమమున మూడవదియే పూర్వకాండము. దాదాపు నాలుగు దశాబ్దముల నాటి గుట్టును బయటపెట్టితినని అలుగువారు ఇన్నాళ్లేమి చేయుచుండిరో చెప్పవలెను. ప్రాచీనప్రతిలో మెట్లెక్కుటకు ‘మెట్లు’ అను ఆజ్ఞ వేఱుగా నీయవలెను. వీరుడెటు నడిచినను మొగము మనవైపే యుండుటచే, మాటాడుటకు దిక్కును ఎన్నుకొనవలెను. ఆ నడకను జపానువారు పీతనడక యందురు. నూతనప్రతులలో లేని వీనికై విలపించువాడు పండితుడు కాడు, చాదస్తుడు.

కాని మూడవ ఆట నూతనప్రతిలో యంత్రము తనంతతానే ప్రగతిని భద్రపఱచును. ఓడినవాడు ఆ పోరునే మరల మొదలిడవచ్చును. అతిసులభమార్గమున నడచువానికి ప్రాణము 1 కంటె తగ్గనే తగ్గదు. చిత్రశోభకు వంక పెట్టను. సముద్రపు వెలుగును చూచుటకే ఓడనెక్కవచ్చును. అయినను చావులేనివాడు దేనినుండి పాఱిపోవలెను? పెట్టెలో పదము నిలిచియున్నది, అర్థము మాత్రము ఆ మార్గమున లేదు. కఠినమార్గమును కోరుకొన్నవానికి అది యథాపూర్వముగ అర్థవంతమే. ఈ వ్యాఖ్యాత దానిని పలుమారులు ప్రయోగించి, సొమ్ము దక్కించుకొని, కవచము కొనెను.