ఏ1 పంతులుగారు, ఏ2 నేను

ఇల్లు కట్టించేటప్పుడు ప్లానులో హాలు, రెండు గదులు, వంటిల్లు మాత్రమే గీయించానని, కోర్టు లేదని సవినయంగా మనవి. ఇప్పుడది హాల్లోనే వెలిసింది. జడ్జి మా మనవరాలు, డిగ్రీ రెండో ఏడు. ముద్దాయిలంతా ఏనాడో పోయినవాళ్ళు కనుక వాయిదాలుండవు. కాఫీ చల్లారేలోపు తీర్పు.

తప్పు నాదే. రాజమండ్రిలో ఉంటూ కందుకూరి వీరేశలింగం పంతులుగారి ఇల్లు చూడకపోతే ఎలా అని ఆదివారం నేనే తీసుకెళ్ళాను. తిరిగొచ్చి చెప్పులు విప్పుతూనే చార్జిషీటు.

"బాల్యవివాహాలు వద్దన్నాయన తను చేసుకున్నదేంటి తాతయ్యా?"

"చేసుకోలేదే, చేశారు. పన్నెండో పదమూడో ఏళ్ళ పిల్లాణ్ణి పీటల మీద కూర్చోబెట్టి నీ అభిప్రాయం ఏమిటని ఎవరడిగారు? బాల్యవివాహాలు వద్దన్న శారదా చట్టం వచ్చింది 1929లో. ఆయన పోయిన పదేళ్ళకి!"

అక్కడితో ఊరుకోవలసింది. వాదన పండుతోందన్న ఉత్సాహంలో 1881 డిసెంబరు 11 కూడా చెప్పాను. ఆయన తొలి వితంతు వివాహం జరిపించిన రోజు. ఊళ్ళో వంటవాళ్ళు రామన్నారు, నీళ్ళు మోసేవాళ్ళు రామన్నారు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారే గోదావరి నుంచి బిందెలు మోసి వంట చేశారు.

"బిందెలు ఆవిడవి, విగ్రహాలు ఆయనవా?"

కొత్త సెక్షను నేనే చేతికిచ్చానన్నమాట.

"ఏ కాలపు మనిషిని ఆ కాలపు చట్టంతో, ఆ కాలపు అలవాటుతో తూచాలమ్మా" అన్నాను, కళ్ళజోడు తుడుచుకుంటూ.

జడ్జిగారు బుద్ధిగా తలూపారు. అదే నన్ను ముంచింది.

"నీ పెళ్ళెప్పుడు తాతయ్యా?"

"1979."

"వరకట్న నిషేధ చట్టం 1961. అప్పటికే పద్దెనిమిదేళ్ళు. మరి ఆ ఫొటోలో చేతక్ స్కూటరెవరిది?"

గోడమీద నేను స్కూటరెక్కి, హ్యాండిలుకి బంతిపూల దండ, పక్కన నిలబడి మా ఆవిడ. ఏటా దసరాకి నా చేత్తో తుడిచే ఫొటో. నాపై సాక్ష్యానికి నేనే ఫ్రేము కట్టించుకున్నాను.

"అది కట్నం కాదు. మామగారు ముచ్చటపడి..."

"కొబ్బరితోట తాకట్టు పెట్టి మరీ ముచ్చటపడ్డారు" అంది వంటింట్లోంచి ప్రాసిక్యూషన్ సాక్షి. ఇన్నేళ్ళలో ఆ మాట ఎత్తని మనిషి!

పంతులుగారికి చట్టం రాలేదన్న సాకైనా ఉంది. నాకొచ్చింది, పేపర్లో చదివాను కూడా.

ఆయన కేసు ప్రస్తుతం వాయిదా పడింది. నాకు బెయిలిచ్చారు. షరతు ఒక్కటే, నా మంచినీళ్ళు నేనే ముంచుకోవాలి. కుండ కనబడుతూనే ఉంది. గ్లాసులు ఏ అరలో ఉంటాయో అడిగితే మాత్రం ఇద్దరూ పలకడం లేదు.