పదకొండు నెలల సంసారం

హైదరాబాదులో ఏ జెరాక్స్ షాపుకెళ్లి అద్దె అగ్రిమెంటు కావాలన్నా, కంప్యూటర్లో సిద్ధంగా ఉన్న ఫైలు తెరుస్తారు. పేర్లు మారతాయి, అద్దె మారుతుంది, గడువు మాత్రం మారదు: 11 నెలలు. పదేళ్లుగా అదే పోర్షన్‌లో ఉన్న కుటుంబానికీ 11 నెలలే. ఏటా ఆ పన్నెండో నెల వాళ్లు ఎక్కడుంటున్నారని అడిగిన నాథుడు లేడు.

మూలం 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం. ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయించాలంది కాబట్టి ఓనర్లు 11 దగ్గర ఆగారు. అయితే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో చట్టాన్ని సవరించి ఆ ఏడాది గీతనే చెరిపేశారు. స్థిరాస్తి లీజు ఎన్నాళ్లదైనా రిజిస్టర్ కావాల్సిందే. అంటే ఈ కిటుకుకు కాలం చెల్లి పాతికేళ్లు దాటింది. కబురు మాత్రం ఇంకా జెరాక్స్ షాపు దాకా రాలేదు. స్టాంపు పేపరు, నోటరీ ముద్ర, ఇద్దరు సాక్షులు (అందులో ఒకరు వాచ్‌మన్)... చూడ్డానికి అంతా నిండుగానే ఉంటుంది. గొడవొచ్చి కోర్టుకెక్కితే ఆ కాగితం సాక్ష్యంగా నిలవడం కష్టం. కోర్టు దాకా వెళ్లే ఓపిక ఎవరికీ లేదు గనక బ్రహ్మాండంగా చెలామణీ అవుతోంది.

సర్కారు ఎక్కడ గీత గీస్తే దానికి బెత్తెడు ఇవతల కాపురం పెట్టడం మన ఓనరుగారికి వెన్నతో పెట్టిన విద్య. ఏడాది అద్దె లక్ష దాటితే, హెచ్ఆర్ఏ కోసం ఉద్యోగి తన ఇంటి ఓనరు పాన్ నంబరు ఆఫీసులో ఇవ్వాలి. అందుకే రసీదు మీద అద్దె 8,333 రూపాయలు. పన్నెండుతో గుణిస్తే 99,996. మిగతాది ‘మెయింటెనెన్స్’, నగదు. నెల అద్దె 50,000 దాటితే అద్దెకున్నవారే 2 శాతం టీడీఎస్ పట్టుకోవాలి. దాంతో ఫ్లాటు అద్దె సరిగ్గా 50,000 దగ్గర నిలిచిపోయి, సోఫాకీ ఫ్రిజ్‌కీ విడిగా అద్దె మొదలవుతుంది.

ఓనరు ఎన్నారై అయితే గీతే లేదు. అద్దె ఎంతైనా, అద్దెకున్నవారు 30 శాతం పైచిలుకు పన్ను పట్టుకుని సర్కారుకు కట్టాలి. జరిగేది వేరు. అల్లుడు డాలస్‌లో, ఫ్లాటు కూకట్‌పల్లిలో, అద్దె మామగారి ఖాతాలో. అద్దెకొచ్చినవాళ్లు మామగారే ఓనరనుకుంటారు. కొన్నాళ్లకు మామగారూ అనుకుంటారు.

కాగితానికెక్కని విచారణ మాత్రం మహా పకడ్బందీ. అద్దెకున్నవారి వివరాలు పోలీసులకివ్వాలంటే ఏ ఫారం నింపాలో తెలియని పెద్దమనిషి, గుమ్మంలోనే మొదలెడతాడు: “మీరేవిట్లు? నాన్‌వెజ్ వండుతారా? బ్యాచిలర్లా? చుట్టాలెక్కువా?” వీటికి స్టాంపు డ్యూటీ లేదు.

ఖాళీ చేసే రోజు, అగ్రిమెంటులో ఎక్కడా లేని పెయింటింగ్ ఖర్చు కింద అడ్వాన్సులోంచి ఒక నెల అద్దె కోసేస్తాడు. బిల్లుందా అని అడిగితే నొచ్చుకుంటాడు.

“మన మధ్య కాగితాలెందుకండీ!”