ఏకకంపైలర్ వ్రతం

2025 అక్టోబర్ 14న ఢిల్లీలో సంతకాలయ్యాయి, విశాఖకి గూగుల్ ఖాయమైంది, పదిహేను వందల కోట్ల డాలర్ల లెక్క ఊరందరికీ కంఠతా వచ్చింది. సరిగ్గా అదే రోజున మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి నీళ్ళొదిలిన సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు. గిగావాట్ డేటా సెంటర్ వచ్చే ఊళ్ళో, పాత కంప్యూటర్ పట్టుకుని ద్వారకానగర్ షాపులకి వెళ్ళినవాడి గోడు ఎవరిక్కావాలి? యంత్రం దివ్యంగా నడుస్తోంది. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 భద్రతా చిప్ లేకపోవడమే దాని నేరం. కొత్తది కొనుక్కోవాలట.

యూరప్‌లో వినియోగదారుల సంఘాలు నిలదీస్తే అక్కడివాళ్ళకి ఏడాదిపాటు భద్రతా అప్‌డేట్లు ఉచితం, బ్యాకప్ షరతు కూడా లేదు. మనమైతే సెట్టింగులు వాళ్ళ క్లౌడ్‌కి అప్పజెప్పాలి, లేదా రివార్డు పాయింట్లు కూడబెట్టాలి, కాదంటే 30 డాలర్లు కట్టాలి. ఎందుకింత చులకన? మనం ఎటూ పోలేమని వాళ్ళకి తెలుసు కనక. "అందరూ అదే వాడుతున్నారండీ" అనే తారకమంత్రం మనకి లేత వయసులోనే ఉపదేశమైంది.

ఉపదేశం జరిగేది ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబులో. అక్కడ ఏటా టర్బో సీ ప్లస్ ప్లస్ వ్రతం చేయిస్తారు. నీలితెర ముందు కూర్చుని, ముందుగా వాయిడ్ మెయిన్ సంకల్పం చెప్పుకుని, క్లియర్‌స్క్రీన్‌తో ఆచమనం చేసి, చివర గెట్‌చ్‌తో ఉద్వాసన చెప్పాలి. విగ్రహం 1990ల మొదటినాటిది. సీ ప్లస్ ప్లస్‌కి అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది 1998లో. అయితేనేం, ఆచారం ఆచారమే.

ఆ విగ్రహం 64 బిట్ల విండోస్ మీద నిలబడదు. కాబట్టి డాస్‌బాక్స్ వేసి, కొత్త కంప్యూటర్ చేత పాత డాస్ వేషం కట్టించి, దానిలో ప్రతిష్ఠిస్తారు.

ఇంకా ఉంది మహిమ. అందులో ఇంట్ అంటే రెండు బైట్లే, 32,767 దాటితే అంకె తిరగబడుతుంది. నెల జీతం 40,000 అని వేసి చూడండి, మైనస్ 25,536 అంటుంది. మన ప్లేస్‌మెంట్ల గురించి ఇంత నిజాయితీగా చెప్పిన సాఫ్ట్‌వేర్ ఇంకోటి లేదు.

ఇక్కడిదాకా నవ్వాను. ఉచితంగా దొరికే జీసీసీ కంపైలర్‌లో రాసి సరైన జవాబు తెప్పించిన కుర్రాడికి "రికార్డులో ఇలా లేదే" అని మార్కులు కోస్తారు చూడండి, అక్కడ ఒళ్ళు మండుతుంది. వాడు తప్పేం చేశాడు? ఇంకోటి ఉందని తెలుసుకున్నాడు. అది నేర్పాల్సిన చోటే దానికి శిక్ష వేస్తున్నారు.

పైగా ఆ టర్బో వంశం పుట్టిందే పోటీలో! కంపైలర్లు వందల డాలర్లు పలికే 1983లో, ఎడిటర్‌నీ కంపైలర్‌నీ ఒక్కచోట పెట్టి, టర్బో పాస్కల్‌ని 49.95 డాలర్లకి అమ్మి అందరినీ బెంబేలెత్తించింది బోర్లాండ్. దాన్ని రాసిన ఆండర్స్ హెల్స్‌బర్గ్ 1996లోనే మైక్రోసాఫ్ట్‌కి వెళ్ళిపోయి సీ షార్ప్, టైప్‌స్క్రిప్ట్ చేశాడు. ఆయన కదిలాడు. మన సిలబస్ కదల్లేదు.

కంపెనీల దయాగుణం మీద నాకేమీ భ్రమల్లేవు. పోటీ చచ్చిందనుకుని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 2001 నుంచి పడకేసింది. ఫైర్‌ఫాక్స్ గిల్లితేగానీ 2006లో ఏడో వెర్షన్ రాలేదు. లినక్స్‌ని క్యాన్సర్‌తో పోల్చిన మైక్రోసాఫ్టే, మన హైదరాబాదీ సత్య నాదెళ్ళ వచ్చాక దాన్ని తెచ్చి విండోస్‌లోనే కాపురం పెట్టించింది. హృదయ పరివర్తన అనుకుంటున్నారా? సర్వర్లు చేజారాయి మరి.

విశాఖకి ఇదంతా ఒకరు చెప్పాలా? 2024లో గంగవరం పోర్టులో సమ్మె జరిగితే బొగ్గు అందక ఉక్కు ఫ్యాక్టరీ విలవిల్లాడింది. ఒక్క రేవునే నమ్ముకుంటే ఏమవుతుందో గాజువాకలో ఎవర్నడిగినా చెబుతారు. ఇంకో దారి లేకా కాదు. కేరళ ప్రభుత్వ బడులు లినక్స్‌తో నడుస్తున్నాయి. తెలుగులో లినక్స్ తయారుచేసి పెట్టింది స్వేచ్ఛ సంస్థ. ఎన్ని ల్యాబుల్లో చూశారు?

ఏ సిస్టమ్ మీదైనా, ఏ కంపైలర్‌తోనైనా పరీక్ష రాయొచ్చని విశ్వవిద్యాలయాలు ఒక్క సర్క్యులర్ ఇస్తే చాలు. దానికి కంపెనీలకిచ్చినట్టు ఎకరాలు అక్కర్లేదు, 99 పైసలు కూడా ఖర్చు కాదు. అందుకేనేమో ఎవరూ ఇవ్వడం లేదు.